ఫోన్లలో దాగిన నిన్నటి సముద్రం

మంగళవారం, జువ్వలదిన్నె

వేటకు పోయే బోట్ల వాళ్ల కోసం నేను చేసిన, రోజూ అలల ఎత్తు చూపే వెబ్ పేజీని పొద్దున మా పెదనాయన కొడుకు శీనన్న తన ఫోన్‌లో చూపించినాడు. "నిన్నటి అంకే ఈ రోజూ ఉంది. సముద్రం అట్లా ఉండదు చెల్లెమ్మా" అన్నాడు. సర్వర్‌లో చూస్తే కొత్త అంకే ఉంది. మరి ఆయన ఫోన్‌కు ఎందుకు పోలేదు?

సాయంత్రం లాప్‌టాప్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, పేజీతో పాటు సర్వర్ ఫోన్‌కు పంపే సూచనలను, అంటే హెడర్లను, మొదటిసారి ఒక్కో వరుసా చదివినాను. ఎంత మాట్లాడుకుంటాయో సర్వరూ ఫోనూ, మనకు కనపడకుండా. ఒక వరుసలో 86400 సెకన్లు అని ఉంది. అంటే ఈ పేజీని ఒక రోజంతా దాచుకో, మళ్లీ అడగొద్దు అని. రేవులో సిగ్నల్ అందదని ఆ అంకె పెట్టింది నేనే.

పది నిమిషాలకు మార్చినాను. కానీ ఈ పొద్దున పేజీని దాచుకున్న ఫోన్లు రేపు పొద్దుటిదాకా సర్వర్‌ను అడగనే అడగవు. రేపు అలలు పెరిగేటట్టున్నాయి.

రేపు పేజీలో అంకెను నమ్మొద్దని అందరికీ చెప్పమని శీనన్నకు ఫోన్ చేస్తే, "దొరికినవాళ్లకు చెప్తా. నేనైతే ఎప్పటిలాగే ఒడ్డున కాసేపు నిలబడి చూసే పోతా" అన్నాడు.

పేజీ ఇచ్చిన రోజు, మిగతావాళ్లకు ఇక అట్లా నిలబడే పని లేదని చెప్పింది నేనే.