కువైట్ బల్బు

హైదరాబాద్, 8 మే 1990

ప్రియమైన సలీమా,

జవాబు రాయలేదని మూతి ముడుచుకుని ఉంటావు. కరీంనగర్ కాలేజీలో బెంచీ మీద నా పక్కన చోటివ్వకపోతే వారం మాట్లాడనిదానివి, నాకు తెలియదా!

యూనివర్సిటీలో నాకో పని అప్పగించారు. మా దగ్గర చదివే విదేశీ పిల్లల గురించి, వచ్చినవాళ్లు ఊరికే చూసి పోకుండా చెయ్యి పెట్టి నొక్కి చూసుకునేలా ఒక బోర్డు చేయమన్నారు. గోడంత ప్రపంచపటం గీశాను. కింద బటన్లు. సూడాన్ బటన్ నొక్కితే పటంలో సూడాన్ బల్బు వెలుగుతుంది, అద్దం వెనక ఆ దేశపు పిల్లవాడి ఫొటో మెరుస్తుంది, టేప్‌రికార్డర్‌లో అతని పలకరింపు వినిపిస్తుంది. ఆ గొంతు వెనక వాళ్ల ఊరి చప్పుడు కూడా ఉండాలని నా ఆశ. యెమెన్ అబ్బాయి పెళ్లి డప్పులు తెచ్చిచ్చాడు. కువైట్ అబ్బాయి ఫహద్ దగ్గర మాత్రం ఏమీ లేదు.

ఖయ్యూం భాయ్ కువైట్ నుంచి నీకు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నింపి పంపుతాడు కదా. ఒకటి పంపవే. మీ ఆలుమగల ముచ్చట్లు నాకెందుకు, మాటలు తీసేస్తాను. బట్టల దుకాణంలో కూర్చుని ఆయన మాట్లాడుతుంటే వెనక వినిపించే బజారు సందడి చాలు.

మీ అత్తమ్మకు నా సలాం చెప్పు.

నీ సరళ

కరీంనగర్, 21 మే 1990

ప్రియమైన సరళా,

మూతి ముడుచుకున్న మాట నిజమే. అయినా క్యాసెట్ పంపుతున్నాను. పంపాలా వద్దా అని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నువ్వడిగితే కాదనలేను, అదే నా జబ్బు. సందడి అంటావు గానీ ఆయన గిరాకీ లేని వేళ చూసి మాట్లాడతాడు, పెద్దగా ఏమీ వినబడదు. పనికిరాకపోతే పక్కన పెట్టెయ్. మొత్తం ఎవరికీ వినిపించకు.

క్యాసెట్ వచ్చిన రోజు గల్లీ అంతా మా వాకిట్లోనే. మా అత్త బిస్మిల్లా బీ అందరికీ చాయ్ పోస్తూ, "నా కొడుకు పనిజేసే దుకాణంల ఏసీ ఉంటదట, చెమటనే పట్టదట" అని మురిసిపోతుంది. రెండేళ్లయింది ఆయన పోయి. ఈ చలికాలం వస్తానన్నాడు.

ఉంటాను మరి,
సలీమా

హైదరాబాద్, 2 జూలై 1990

ప్రియమైన సలీమా,

బోర్డు మొదలైంది! పెద్దపెద్ద ప్రొఫెసర్లు బటన్ల కోసం చిన్నపిల్లల్లా తోసుకున్నారు. కువైట్ నొక్కినప్పుడు ఏం వినిపిస్తుందో తెలుసా? గాలి, దూరంగా ఏదో మోటారు, మధ్యమధ్య ఒక గంట. సోడాబండి గంట కాబోలు. ఎంత ముచ్చటగా ఉందో! ఫహద్ స్నేహితులతో ఊటీ పోయాడు, వచ్చాక వినిపించి మురిపిస్తాను.

నీకు రుణపడిన
సరళ

కరీంనగర్, 12 ఆగస్టు 1990

సరళా,

పేపర్లో చూసే ఉంటావు. ఇరాక్ కువైట్‌ను మింగేసింది. ఫోన్ కలవదు, టపా పోదు. పరేషాన్‌లో పొయ్యి కూడా ముట్టించబుద్ధి కావడం లేదు. కలెక్టరాఫీసులో అక్కడున్నవాళ్ల వివరాలు రాసుకుంటున్నారంటే పోయాం. అందరికంటే ముందు మా అత్తే నిలబడి, "బట్టల షోరూంల పని సార్, ఊరి నడిమిట్ల" అని రాయించింది. నేను పక్కనే ఉన్నాను.

ఆ కువైట్ పిల్లవాణ్ని అడుగు, ఏమైనా తెలుస్తుందేమో. క్యాసెట్ తిరిగి పంపు. మిగతావాటి మీద నేనే జవాబు నింపి పంపేశాను, ఇంట్లో ఆయన గొంతు ఒక్కటీ లేదు.

సలీమా

హైదరాబాద్, 16 సెప్టెంబర్ 1990

ప్రియమైన సలీమా,

నెల పైనుంచీ ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపడం. క్యాసెట్ దీనితో పంపుతున్నాను.

యుద్ధం వచ్చాక మా ఆఫీసరు, "గా దేశం ఉన్నదో పోయిందో తేలెదాక కువైట్ బల్బు బంద్ పెట్టుండ్రమ్మా" అన్నాడు. నేను పెట్టలేదు. ఎందుకంటే ఫహద్ రోజూ వచ్చి ఆ బటన్ నొక్కి నిలబడతాడు. ఒకరోజు, ఇది ఎక్కడి చప్పుడు అని అడిగాడు. బట్టల దుకాణం అన్నాను. కాదన్నాడు. అది ఎడారి అట. మోటారు చప్పుడు నీళ్ల ట్యాంకర్‌ది, గంట గొర్రెల మంద ముందు నడిచే గాడిద మెడలోది. వాళ్ల చిన్నాన్నకూ మందలున్నాయి, చెవికి అలవాటు.

ఊళ్లో ఉన్న మనవాళ్లను బస్సుల్లో జోర్డాన్ చేర్చి, అక్కణ్నుంచి విమానాల్లో బొంబాయి తెస్తున్నారు. ఎడారిలో మందతో ఉన్నవాడికి ఆ కబురే అందదట, పాస్‌పోర్టు కూడా యజమాని దగ్గరే ఉంటుందట. ఎవరైనా పోయి చెప్పలేరా అని అడిగాను. తన తల్లి ఎక్కడుందో తనకే తెలియదని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇంత బోర్డు చేశాను, ఒక మనిషికి ఒక మాట చేరవేయలేకపోయాను.

దాచేద్దామనుకున్నాను. కానీ దాస్తే ఆయన్ని లేనిచోట వెతుకుతారు. నన్ను తిట్టుకున్నా సరే.

సరళ

కరీంనగర్, 1 అక్టోబర్ 1990

ప్రియమైన సరళా,

నిన్నెందుకు తిడతాను? నాకు మొదటి క్యాసెట్ నుంచే తెలుసు. మాట మధ్యలో ఆగి నాలుకతో ట్రుర్ర్‌మంటాడు, మళ్లీ ఏమీ ఎరగనట్టు మాట అందుకుంటాడు. గొర్రెల వ్యాపారి బిడ్డను, ఆ చప్పుడు నాకు తెలియదా? రెండేళ్లలో ఒక్క బట్ట పేరు చెప్పలేదు మనిషి. నేను మాత్రం జవాబులో "ఏసీల జర పైలం, సర్ది పడ్తది" అనేదాన్ని. నాకు తెలిసిపోయిందంటే సిగ్గుతో చచ్చిపోతాడని. ఎండలో మాడేవాడికి ఏసీ జాగ్రత్తలు చెప్పాను సరళా.

నీ ఉత్తరం చదవగానే కలెక్టరాఫీసుకు పోయాను. అత్త వెంటే వచ్చింది. వరండా నిండా మా గల్లీ వాళ్లే. గుమాస్తా జగపతిరావు కాగితాలు తిరగేసి, "ఆడున్న మనోళ్లు షోరూంలన్ని అడిగిర్రమ్మా, అసొంటి మనిషి లేడన్నరు" అన్నాడు.

"దుకాణం కాదు సార్. మా ఇంటాయన గొర్లు కాస్తడు. ఎడారిల వెతుకుర్రి" అన్నాను, అందరూ వినేలా.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త నన్ను కొడుతుందనుకున్నాను. నా భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. గుమాస్తా వైపు తిరిగి, "అవు సార్, గొర్లు కాస్తడనే రాయుండ్రి" అంది.

గుమాస్తా రాశాడు. పాపం, మంచివాడే. తర్వాత కలం ఎత్తి పట్టుకుని అడిగాడు: "ఎడారిల ఏడమ్మా? జాగ పేరు చెప్పు."

నాకు తెలియదు. అత్తకూ తెలియదు. ఆ గడి ఖాళీగా వదిలేశాడు. పేరు లేకుంటే పైవాళ్లు ముట్టుకోరట.

ఫహద్‌ను ఒక్కసారి అడుగవా సరళా, ఆ ఎడారికి ఏదైనా పేరుంటుందేమో.

నీ సలీమా