ఇంగ్లీషు వీరన్న

3 ఏప్రిల్ 1981, పొద్దుగాల

జనగామ నుంచి రీళ్ళ బాక్స్ వచ్చింది. ఇంగ్లీషు పిక్చర్. పోస్టర్ మీద ఒకడు ఒంటిచేత్తోటి రైలును ఆపుతున్నడు. ఒంటికి అతికిచ్చినట్టున్న పచ్చ డ్రెస్, ముఖానికి సగం గుడ్డ, వీపుకు దుప్పటి. గీ ఎండల గా డ్రెస్ వేసుకొని మానుకోటల తిరిగితే గంటకే దవాఖానల పడతడు.

జనగామల జనం కథ సమజ్ కాక ఇంటర్వెల్‌కే లేచిపోయిన్రట. టాకీస్ ఓనర్ వెంకట్రాం సేటు నన్ను పిలిచిండు. జగపతీ, నువ్వు మైక్ పట్టుకొని మన మాటల కథ చెప్పు అన్నడు. నాకు ఇంగ్లీష్ రాదు సేటూ అన్న. హాల్ల ఎవనికొస్తది, నీ తప్పు పట్టెటోడు ఎవడు అన్నడు.

ఒప్పుకున్న. పదిహేనేండ్ల నుంచి గేటు కాడ నిలవడి టికెట్లు చింపుతున్న. మోకాళ్ళు పోయినయ్. గిది కూసొని చేసే పని. చదువు ఐదో తరగతి, అదీ ఉర్దూల. గొంతు మాత్రం ఉన్నది. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిల మైక్ పట్టుకొని గల్లీ గల్లీ అరిచిన గొంతు. నాలుగు దినాలు లాకప్‌ల పెట్టినా పోలే.

3 ఏప్రిల్, సాయంత్రం

మ్యాట్నీ అయింది. బతికిన.

క్యాబిన్ కిటికీ కాడ స్టూల్ వేసిన్రు. పొద్దున ఒక్కపారి పిక్చర్ చూసిన, సగం అర్థం కాలే. అర్థమైన సగం గిది: వాడు పెద్ద బిల్డింగుల లిఫ్ట్ నడిపేటోడు. సూటు బూటు వేసుకున్నోళ్ళంత వాన్ని తిడతరు, నోరెత్తడు. ఎవరికన్న ఆపదొస్తే మెట్ల కిందికి ఉరికి పచ్చ డ్రెస్ వేసుకుంటడు. ఇగ ఆగడు. వాని పేరు నా నోరు తిరగలే. వీరన్న అన్న. కురవి దేవుని పేరు గదే, చుట్టుపక్కల ఇంటికొక వీరన్న ఉన్నడు, ఇంకొకడుంటే ఏమాయె. హాలంత ఈలలు.

హీరోయిన్ ఒక టీచరమ్మ. ఆఖర్ల వాడు వానల తడుసుకుంట ఆమె తలుపు కాడ నిలవడి రెండు నిమిషాలు పెదాలు కదిలిచ్చిండు. ఏమంటున్నడో ఎవనికెరుక. అప్పటికి నా నాలుక ఎండిపోయింది. నోటికి ఏదొస్తే గదే చెప్పిన.

ఇంటికొస్తే శకుంతల పళ్ళెం పెట్టి లోపలికి పోయింది. మా ఆమె నాతోటి మాట్లాడక పదకొండు నెలలాయె.

5 ఏప్రిల్, ఆదివారం

ఉగాది. హౌస్ ఫుల్. సేటు నవ్వు చూసి భయమైంది, పండ్లు గన్ని ఉన్నయని నాకెరుకలే.

ఆపరేటర్ నిరంజన్ ఒక ముచ్చట చెప్పిండు. తెలుగు పిక్చర్లల్ల మన మాట ఎప్పుడూ నౌకరోడు మాట్లాడతడు, లేకపోతే తాగుబోతు. జనం నవ్వాలె, గందుకే పెడతరు. గిప్పుడు రైలును ఆపేటోడు ఏంది బై అంటే ఒక్కడు నవ్వుతలేడు, ఛాతి ఇరుసుకొని కూసుంటున్రు జగపతన్నా అన్నడు. నేను గంత సోంచాయించలే. నాకు వేరే మాట రాదు, గంతే.

7 ఏప్రిల్

మ్యాట్నీల ఆడోళ్ళ బెంచీ దిక్కు చూస్తే మా ఆమె కనవడ్డది. శకుంతల. పిక్చర్ అంటే కండ్లనొప్పి అనేటిది. మూడో వరుసల, చివరికి కూసున్నది. కొప్పును బట్టి గుర్తువట్టిన.

మైక్‌ల రెండు మాటలు తప్పిపోయినయ్. రైలును బస్సన్న.

8 ఏప్రిల్

ఇయ్యాల గూడ వచ్చింది.

9 ఏప్రిల్

మూడో రోజు. ఇంటికాడ అడగలేను. అడిగితే గోడకు చెప్పినట్టే.

పదకొండు నెలల కింద నేను చేసింది గిక్కడ రాస్త. నవ్వకుండ ఎవ్వరికి చెప్పలే, చెప్పవలసిన పని లేకుండ ఊరంతకెరుకే.

నాకు పరాచికాలు అలవాటు. సేటు చెప్పులకు మేకులు కొట్టిన. చచ్చిన తేలును పోస్ట్‌ల పంపిన. గట్లనే పోయిన మే నెలల ఒకనాడు ఏడుపు ముఖం పెట్టుకొని ఇంట్లకు పోయి, రేగొండల నీ తమ్ముడు ప్రతాప్ బాయిల పడ్డడు, పోయిండు అన్న. నవ్వుదామనే. ఆమె నెత్తిన కుండెడు నీళ్ళు కుమ్మరిచ్చుకొని, పూలు పీకేసుకొని, చెప్పులు లేకుండ బస్టాండుకు ఉరికింది. బస్టాండ్ల ఆపి చెప్తమనుకొని ఎన్కనే పోయిన. తొవ్వల దోస్తులు కలిసిన్రు. ఆగి ముచ్చట చెప్పిన, నవ్వుకున్నం, చాయ్ తాగినం. పోయేవరకు బస్సు పోయింది.

హన్మకొండల ఒక బస్సు మారి, పరకాలల ఇంకొకటి. బస్సంత ఏడ్చుకుంట పోయిందట. రేగొండల తమ్ముని వాకిట్ల శోకం పెడుతుంటే ప్రతాప్ మూతి తుడుసుకుంట బయటికి వచ్చిండట. అన్నం తింటున్నడట.

బతికున్నోనికి శోకం పెట్టుకుంట ఆడబిడ్డ గడప తొక్కుడు అంటే చిన్న ముచ్చట గాదు. ప్రతాప్ పెండ్లాం సులోచన లోపలికి రానియ్యలే. రెండు దినాలు కొట్టంల కూసోవెట్టిన్రు, బర్ల నడుమ. అయ్యగారు వచ్చి శాంతి చేసినంక నెత్తి మీద నీళ్ళు పోసి లోపలికి పిలిచిన్రు. మా ఆమె లోపలికి పోలే. గట్లనే తిరిగి బస్సెక్కింది. గప్పటి నుంచి తమ్మునింటికి పోలే, నాతోటి మాట్లాడలే.

దోస్తులు ఇప్పటికి గూడ ఆ ముచ్చట చెప్పి నవ్వుతరు. నేను గూడ నవ్వుత. అలవాటు.

10 ఏప్రిల్

రెండో వారం. గీ పచ్చ డ్రెస్సోనిల ఏమున్నదని ఆడోళ్ళను అడిగిన. మా ఆమె కోసమని చెప్పలే.

ఆడోళ్ళ గేటు కాడుండే రాజమణవ్వ, అరవై దాటినయ్, భుజాలు అన్నది. గా భుజం మీద తల పెట్టి పండుకుంటే మూడు దినాలు లేపొద్దు కొడుకా అన్నది. ముసలాయన భుజం ఏమాయె అన్న. ముసలాయన పోయి పన్నెండేండ్లాయె, ఉన్నప్పుడు గూడ గది భుజం గాదు, చీపురు కట్ట అన్నది.

టాకీస్ ముందట పల్లీలు అమ్మే సోని తండా నుంచి వస్తది. గాయన పిలువంగనే వస్తడు అన్నది. మా తండాకు దవాఖానోళ్ళు రారు, కరెంటోళ్ళు రారు, ఎలక్షన్ల తప్ప ఎవడు రాడు. గాయన పిలువకముందే చెవి నిలవెడతడు. వచ్చి పని చేసి ఓటు గూడ అడగకుండ పోతడు, గసుంటి మొగోన్ని ఎవతి వద్దంటది బావా అన్నది. సోని అందర్ని బావా అంటది. పల్లీలు గూడ గట్లనే అమ్ముడుపోతయ్.

మరి మా ఆమెకు ఏం నచ్చింది, నీకేమన్న చెప్పిందా అని అడిగిన. నా ముఖం చూసి పొట్లం కట్టుకుంట కూసున్నది.

11 ఏప్రిల్

పొద్దంత గిదే సోంచాయించిన.

టైలర్ కాడ నలుగురు పోరగాండ్లు పచ్చ అంగీకి కొలతలిచ్చిన్రట. వేసుకుంటే తోటకూర కట్టలు నడిచినట్టుంటది. డ్రెస్ల ఏం లేదు. కండల్ల గూడ ఏం లేదు, కసరత్తు చేసే తాలీంఖానల గంతకన్న పెద్ద కండలున్నోళ్ళకు పిల్లనిస్తలేరు.

నాకు సమజ్ అయింది గిది. లిఫ్టోడే వీరన్న అని టీచరమ్మకు ఎరుకలే. సూటోళ్ళకు ఎరుకలే. హాల్ల కూసున్న ఆరువందల మందికి ఎరుకే. లిఫ్ట్‌ల వాన్ని ఎవడన్న తిడితే బెంచీల ఆడోళ్ళు పండ్లు కొరుకుతున్రు, ఓరి పిచ్చోడా, వాడెవ్వడో నీకు తెల్వదురా అని. అందరికి తెల్వని మంచితనం నాకొక్కదానికి తెలుసు అనుకున్నంక వాడు నావాడే అయితడు.

మాది ఉల్టా. చాయ్ హోటల్ల పులులం. ఇంట్ల దాసిపెట్టుకున్నది ఏం లేదు. పెండ్లాలు మమ్ముల అడుగుదాక చూసేసిన్రు.

గిదంత రాసినంక గూడ కడుపుమంట తగ్గలే. మా ఆమె ఇయ్యాల గూడ వచ్చింది. నాకు పళ్ళెం పెట్టినప్పుడు లేని నిమ్మళం ఆ బెంచీ మీద కూసున్నప్పుడు ఉన్నది. తెర మీది బొమ్మను చూసి కుళ్ళుకునే వయసా నాది? నలభై ఏడు.

12 ఏప్రిల్, ఆదివారం

ఇయ్యాల వాని పని పట్టిన.

మొదటి నుంచే గొంతు మార్చిన, ముక్కుతోటి మాట్లాడిచ్చిన. రైలును ఆపినప్పుడు అబ్బో నా నడుము అనిపిచ్చిన. డ్రెస్ వేసుకున్నప్పుడు, నాడ ముడి పడతలేదు ఎవడన్న రండిరా అనిపిచ్చిన. మొగోళ్ళు కుర్చీల మీద ఎగిరిన్రు. బెంచీ దిక్కు సప్పుడు లేదు. సోని ఏదో లంబాడి మాటల తిట్టింది, మంచి తిట్టే అయ్యుంటది.

తలుపు కాడి సీన్ వచ్చింది. వానల నిలవడ్డడు. రోజు లెక్క నోటికొచ్చింది చెప్పలే. అన్నంల కూరేంది, చేపలైతే లోపలికి వస్త, చిక్కుడుకాయ అయితే గిట్లనే పోత అనిపిచ్చిన.

హాల్ పగిలింది నవ్వులకు.

మా ఆమె లేచింది. పిక్చర్ ఇంక పది నిమిషాలున్నది. లేచి కొంగు దులుపుకొని గేటు దిక్కు నడిచింది. ఉరకలే. ఎన్కకు చూడలే.

గెలిచిన అనుకున్న. రాస్తున్న గదా, అబద్ధం ఎందుకు. గెలిచిన అనే అనుకున్న.

13 ఏప్రిల్

ఇల్లు తాళం. రెండు చీరెలు లేవు. పక్కింటోళ్ళు రేగొండ బస్సు అడిగిందన్నరు. పదకొండు నెలలు కాలు పెట్టని ఇంటికి పోయింది, గీ ఇంట్ల ఉండలేక.

పొయ్యి మీద అన్నం ఉన్నది. నా ఒక్కనికే సరిపోను.

14 ఏప్రిల్

సోని కాడికి పోయి పల్లీలు అడిగిన. నీకు అమ్మను అన్నది. గప్పుడు చెప్పింది.

నువ్వు మొన్నటిదాక గా తలుపు కాడ రోజు ఏం చెప్పినవో యాదికున్నదా బావా అని అడిగింది. నోటికొచ్చింది చెప్పిన, ఏముంటది యాది అన్న. సోనికి యాదికున్నది. నా ముందట అప్పజెప్పింది: తప్పు నాదే. నవ్వుదామనుకున్న, నువ్వు ఏడ్చినవ్. నన్ను ఏమన్న అను, ఏం చేసినా పడత. గానీ మాట్లాడు. నువ్వు మాట్లాడకపోతే ఇల్లు బొందల గడ్డ లెక్క ఉన్నది.

నేను గది చెప్పిన్నా? చెప్పిన్నట. మొదటి రోజు చెప్పిన్నట, రోజు చెప్పిన్నట. మొదటి రోజు మ్యాట్నీకి సోని హాల్లనే ఉన్నది. ఇని, నీళ్ళ నల్ల కాడ శకుంతలకు చెప్పిందట, మీ ఆయన హాల్ల అందరి ముందట మాఫీ అడుగుతుండు పోయి ఇనరాదు అక్కా అని. మా ఆమె నాలుగు దినాలు నమ్మలే.

మరి వాని భుజాలు అన్న. నాకింక అదే పట్టుకున్నది. సోని నెత్తి కొట్టుకున్నది. నీ పెండ్లాం గా సీన్ వచ్చినప్పుడు తెర దిక్కు చూడదు, కండ్లు మూసుకుంటది అన్నది. వారం నుంచి పక్కన కూసుంటున్న, గా పచ్చ డ్రెస్సోని ముఖం గూడ ఆమె సక్కగ చూడలే అన్నది.

పల్లీలు ఇచ్చింది. తినలే.

15 ఏప్రిల్

ఖాళీ బెంచీ చూసుకుంట రెండు ఆటలు చెప్పిన. తలుపు కాడ మైక్ ఆపేసిన. రెండు నిమిషాలు వాడు పెదాలు కదిలిచ్చిండు, వాన సప్పుడు. ఎవ్వరు ఏం అడగలే.

17 ఏప్రిల్, భూపాలపల్లి

బాక్స్ గిక్కడికి వచ్చింది, బాక్స్‌తోటి నేను. గిక్కడ డేరా టాకీస్. అడవి కూలోళ్ళు ఇసుకల కూసొని చూస్తరు. సేటు పొమ్మన్నడు, నేను ఊఁ అన్న. బస్సు రేగొండ మీదికెళ్ళే వచ్చింది. ఆగినప్పుడు దిగలే. డ్రైవర్ చాయ్ తాగి వచ్చేదాక కిటికీల నుంచి ఆ గల్లీ దిక్కు చూసుకుంట కూసున్న.

ఇయ్యాల తలుపు కాడ ఆ మాటలే చెప్పబోయిన. తప్పు నాదే అనేవరకు గొంతు పట్టేసింది. ఇసుకల ముందు కూసున్న ముసలోడు ఎన్కకు తిరిగి, వానికి సర్ది చేసింది, వానల నిలవడ్డడు గదా అన్నడు.

ఎరుకలేకుండ చెప్పినప్పుడు తొమ్మిది దినాలు సులువుగ వచ్చింది.

18 ఏప్రిల్

గీడ భీమ్లా అని ఒక పిలగాడున్నడు, గొంతు మంచిది. కథ నేర్పిన. తలుపు కాడ ఏం చెప్పాలె అని అడిగిండు. నీ ఇష్టం అన్న.

19 ఏప్రిల్, రేగొండ

ప్రతాప్ తలుపు తీసిండు. నేను సంపిన బామ్మర్ది. ఏంది బావా, ఈసారి ఎవడు పోయిండు అన్నడు. సులోచన గడపకు అడ్డంగ నిలవడ్డది.

వాకిట్లనే నిలవడి గా తలుపు కాడి మాటలు చెప్పిన. మైక్ లేదు, రెండుపార్లు చెప్పవలసి వచ్చింది. గోడ మీద నుంచి పక్కింటోళ్ళు చూసిన్రు. ఎవ్వరు నవ్వలే. మా ఆమె చాటల బియ్యం ఏరుతున్నది, తల ఎత్తలే.

ఎండ నెత్తి మీదికి వచ్చినంక లేచి చాట తెచ్చి నా చేతుల పెట్టింది. అద్దాలు తెచ్చుకోలేదా అన్నది.

తెచ్చుకోలే. రాళ్ళు కనవడతలేవు. ఏరుతున్న.