రేవు చర్చిలో సక్రి

ఫిబ్రవరి 2006

అన్నా, నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

కార్డు మీద బొమ్మలో ఉన్నదే నేను తలదాచుకున్న రేవు చర్చి. నూరేళ్ల కింద పరదేశపు ఓడ పనివాళ్లు తమ కోసం కట్టుకున్నారట. ఇప్పుడు దిక్కులేని వలస కూలీలందరికీ ఇక్కడ అన్నం పెడుతున్నారు. యజమాని కొట్టిన రోజు నేనూ, నాతో పనిచేసే పాల్వంచ శ్యామలా ఇక్కడికే పరుగెత్తాం. దారిలో శ్యామల అతనికి దొరికిపోయింది.

నిన్న ఆ యజమాని నా కోసం వచ్చాడు. వంట చూసుకునే మలయాళీ ఏలియమ్మక్క గేటుకు అడ్డం నిలబడింది. నేను ఆమె వెనక దాక్కోలేదు. "నేను రాను పో! నా పాస్‌పోర్టు గిక్కడ పెట్టు, శ్యామలను గూడ తోలు!" అని తెలుగులోనే అరిచాను. తింటున్న కూలీలంతా లేచి నా పక్కకు వచ్చారు. అతను పాస్‌పోర్టు మెట్ల మీద విసిరేసి పోయాడు. చర్చివాళ్లు టికెట్ తీస్తామన్నారు. శ్యామల బయటపడేదాకా విమానం ఎక్కనని చెప్పేశాను.

నాన్నను ఇల్లందు దవాఖానాలో చూపించావా? మిరప కోత అయిందా? పాల్వంచ వెళ్లి శ్యామల అమ్మకు ధైర్యం చెప్పు.

నేను మతం మారానని తండాలో అంటున్నారట. ఇక్కడ నన్నెవరూ మారమనలేదు. మన తండా తల్లి మేరామ తాయెత్తు మెడలోనే ఉంది. ఎవరడిగినా తల దించకు. "అవ్, మా చెల్లె చర్చిలనే ఉన్నది" అని గట్టిగా చెప్పు.

నాన్నకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లె
సక్రి