ఆర్డిస్ చేతి తూటాలు

బోజ్‌మన్, మోంటానా
అక్టోబరు 9, సోమవారం

ప్రియమైన ఆర్డిస్ అత్తయ్యకి,

మారెన్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఎడమ మోకాలూ, పొయ్యి పక్కన ఎవరికీ చోటివ్వని మోజ్ కుక్కా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. మిగతా కబుర్లకు ముందు ఒక మాట. సెప్టెంబరులో నువ్వొక్కదానివే కూర్చుని నింపానని రాశావే, ఆ నీలం డబ్బాలోని తూటాలు పేల్చకు. ఒక్కటి కూడా. బ్రిటాని ముట్టుకోనివ్వకు. తుపాకి మందు డబ్బా వేసవంతా బట్టలుతికే గదిలోనే ఉండిపోయింది కదా, చెమ్మ పట్టి ఉంటుందని నా అనుమానం. నిన్న ఫోన్లో ఇదే చెప్తే, "చెమ్మా? నా గదిలోనా? నీ బుర్రకి పట్టిందేమో చూసుకో" అని నవ్వి పెట్టేశావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా. ఆ డబ్బాకి టేపు చుట్టి బీరువా మీద పెట్టు. వేట సీజన్ మొదలయ్యేలోగా నేనే వస్తాను.

ఇక మా చెల్లెలి సంగతి. బ్రిటా తనంతట తాను ఒకచోట కూర్చుని తూటాలు నింపడం నేర్చుకుంటానందంటే నాన్న ఇంకా నమ్మడం లేదట. "కొత్తగా మొదలుపెట్టేదానికి ఏమేం కొనాలో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి" అని రాశావు. వెక్కిరింపని తెలుసు. అయినా చెప్తాను.

అన్నిటికంటే ముందు పుస్తకం. ఏ గుండుకి ఏ మందు ఎంత పొయ్యాలో చెప్పే కొత్త ముద్రణ. అట్టలూడిపోయి, కాఫీ మరకలతో ఉన్న నీది కాదు. అందులో సగం అంకెలు నీకు కంఠతా వచ్చు, అదే దాంతో చిక్కు.

తూటాలు బిగించే ప్రెస్సు సాదాది చాలు. పిడి ఒకసారి దించితే ఒక్క పని చేసేది. ఒక్క దించుడికి ఐదు పనులు చేసే యంత్రాన్ని కొట్టువాడు బ్రిటాకి చూపిస్తాడు, అది మెరుస్తుంది, ఇది పడిపోతుంది. కొననివ్వకు. "చేతికి పని తెలిసేదాకా వేగం శత్రువే పిల్లా" అని నాకు చెప్పినట్టే దానికీ చెప్పు. ప్రెస్సుని బల్లకి బోల్టులతో గట్టిగా బిగించాలి. పేలి సాగిన తొడుగుని మళ్ళీ కొలతకి తెచ్చే అచ్చులు బ్రిటా తుపాకికి సరిపోయేవే తీసుకోవాలి. పేలిన ఇత్తడి తొడుగుని అచ్చులోకి నెట్టే ముందు రాయడానికి నూనె. నా మొదటి రోజు గుర్తుందా? నూనె మరిచిపోయి నెట్టేశాను, తొడుగు లోపలే ఇరుక్కుంది. మధ్యాహ్నం భోజనం దాకా దాంతో కుస్తీ పట్టి, "వాచిన కాలుని పెళ్ళిబూటులోకి దూర్చావు కదే!" అన్నావు. ఆ మాట చర్చిలో అందరికీ చెప్పావు కూడా.

తొడుగు పొడవు కొలిచే కాలిపరూ, ఎక్కువైతే కత్తిరించే పరికరమూ కావాలి. అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమరు గుచ్చేది చేతిలో ఇమిడే రకం మంచిది, వేళ్ళకి బిగువు తెలుస్తుంది. తొడుగులు నిలబెట్టడానికి గుంటల పీట. పీట పక్కన టార్చిలైటు. దీన్ని ఏ కొట్టువాడూ సామాన్లలో లెక్కెయ్యడు. మందు పోశాక, గుండు బిగించే ముందు, ప్రతి తొడుగులోకీ వెలుతురు వేసి చూడాలని నాకు నేర్పింది నువ్వే. రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోకుండా బ్రిటాని బల్ల దగ్గరికి రానివ్వకు. జుట్టు చెదురుతుందని వంకలు చెప్తుంది.

తక్కెడ మాత్రం పెద్ద అంకెలు వెలిగే కరెంటుది కొను. నీ ఇత్తడి తక్కెడంటే నాకూ ఇష్టమే, తాతయ్యదని తెలుసు. కానీ ఆ గాడులు సన్నం అత్తయ్యా. అంకెల్ని బ్రిటానే పైకి చదవనీ. నువ్వు వినడమే.

ఇంకొకటి. తప్పుగా నింపిన తూటాని విప్పే సుత్తి. తూటాని దాని తలలో బిగించి నేలకి కొడితే గుండూ మందూ విడిగా వచ్చేస్తాయి. కొట్టువాడు దాన్ని "తర్వాత చూసుకోవచ్చు" అంటాడు. నువ్వైతే ఇన్నేళ్ళలో కొననే లేదు, "తప్పు చేసేవాళ్ళకి కదా సుత్తి" అనేదానివి. నేను మాత్రం పుస్తకం తర్వాత దాన్నే ముందు కొనమంటాను. నా దగ్గర ఒకటుంది. నీకెప్పుడూ చూపించలేదు.

సామాన్లంటే ఇవే. మిగతావి డబ్బుతో రావు. బల్ల మీద ఒకేసారి రెండు మందు డబ్బాలు ఉండకూడదన్నది, మందు పోస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదన్నది నీ దగ్గర చూసి నేర్చుకోవాల్సినవే. మోజ్‌ని కూడా బయటికి పంపేదానివి. పాస్టరుగారు ఒకసారి పలకరించడానికొస్తే తిరిగి చూడకుండానే అరచెయ్యి ఎత్తి గుమ్మంలో ఆపేశావు. ఆయన టోపీ చేత్తో పట్టుకుని, నువ్వు ఆఖరి తొడుగు నింపేదాకా నిలబడ్డాడు. తర్వాత, "నా ప్రార్థనల్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదమ్మా" అన్నాడు.

ఒకరు నింపిన తూటా ఇంకొకరు పేల్చకూడదన్నది కూడా. నీతో చర్చిలో పాడే ఆర్విల్, తను నింపిన తూటాలు ఒక డబ్బా నిండా తెచ్చి, "ఆర్డిసూ, నీ పుట్టినరోజుకి" అన్నప్పుడు నువ్వన్న మాట ఇక్కడ మా ఆఫీసువాళ్ళకి కూడా చెప్పాను.

"ఆర్విల్లూ, నీ వంట తింటాను. చర్చిలో నీ పక్కన నిలబడి నీ అపశ్రుతులు భరిస్తాను. నీ తూటా మాత్రం నా తుపాకిలో పెట్టను."

"అంత నమ్మకం లేదన్నమాట నా మీద!"

"నీ మీద ఉందయ్యా. కానీ తుపాకికి ఆనించేది నా చెంప. దానికి నా చెయ్యే జవాబు చెప్పాలి."

ఆయన చిన్నబుచ్చుకుని, నువ్వు చేసిన ఆపిల్ పై రెండు ముక్కలు తిని వెళ్ళాడు.

నా విషయానికొస్తే, ఆఫీసు బాగానే ఉంది. వాగులు ఎక్కడ పొంగుతాయో మ్యాపుల మీద నీలం రంగు వేస్తుంటాను. అప్పుడే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టానని మా మేనేజరు కనిపెట్టేశాడు. "నీకు అరికాళ్ళలో చక్రాలున్నాయే" అనేదానివి. ఆగస్టులో అంత హడావుడిగా వచ్చేసింది కూడా ఆ చక్రాల వల్లేననుకున్నావు. నేనూ కాదనలేదు.

అత్తయ్యా, నీ ఉత్తరంలో మూడో వరుస వెళ్ళి నాలుగో వరుస మీద ఎక్కింది. కిందటి చలికాలంలో నీ వరుసలు తిన్నగా ఉండేవి. కిందటేడు అక్టోబరులో గురి సరిచూసుకోవడానికి షూటింగ్ రేంజికి వెళ్ళినప్పుడు, కాగితం మీద నీ బొక్కలన్నీ ఒక్క నాణెం కింద దాగేలా పడ్డాయి. ఆర్విల్ అందరికీ వినబడేలా, "కళ్ళకి శుక్లాలొచ్చాక గురి కుదిరిందేంటి ఆర్డిసూ? ఆ డాక్టరెవరో చెప్పు, నేనూ శుక్లాలు పెట్టించుకుంటా!" అన్నాడు. నువ్వు ఆ కాగితం మడిచి హ్యాండుబ్యాగులో దాచుకున్నావు. వసంతంలో డాక్టరు ఆపరేషన్ తప్పదన్నప్పుడు, దాన్నే ఆయన బల్ల మీద పరిచావు. "చూపు పోయినదాని పనా ఇది?" అన్నావు. నాన్న, "అక్కా, పెద్ద పని కాదు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తావు" అంటే, "నా కళ్ళు నీకు బరువయ్యాయా తమ్ముడూ?" అని నోరు మూయించావు. నేను నీ కోటు పట్టుకుని, గోడ మీద కన్ను బొమ్మ చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనలేదు.

ఇప్పుడు అంటున్నాను. బ్రిటాకి ఏదైనా నేర్పేముందు ఆ ఆపరేషన్ చేయించుకో. నీ కంటిచూపు మీద దాని చెంప కూడా ఆనుతుంది.

చోక్‌చెర్రీ జెల్లీ ఈసారి పట్టావా? నాన్ననీ బ్రిటానీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేనకోడలు
మారెన్

తా.క. కవరు అంటించి, మళ్ళీ చించాను.

మందుకి చెమ్మ పట్టలేదు అత్తయ్యా. ఆ డబ్బా బాగానే ఉంది.

కిందటేడుకి ముందు చలికాలంలో, నువ్వు రోడ్డు చివర పోస్టుడబ్బా చూడటానికి వెళ్ళినప్పుడు, నువ్వు నింపి పెట్టిన పీట మీదికి అలవాటుకొద్దీ టార్చిలైటు వేశాను. మధ్యలో ఒక తొడుగు ఖాళీ. చివరి వరుసలో మందు మిగతావాటికంటే ఎత్తుగా ఉంది. అలాంటిది తుపాకినే పగలగొడుతుందని నాకు నేర్పింది నువ్వే. తక్కెడ చూస్తే, పెద్ద బరువు ఒక గాడి ముందుకి జరిగి ఉంది. బూట్లకంటిన మంచు దులుపుకుంటూ నువ్వు లోపలికొచ్చావు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ ఆ వారమే నువ్వు ఇక నడపనని బండి తాళాలు నాన్న చేతిలో పెట్టావు. రెండు రోజులు నీ చెయ్యి ఊరికే జేబులో తాళాల కోసం వెతుక్కుంటూనే ఉంది. ఇప్పుడు ఈ బల్ల కూడా నేనే లాక్కోనా అనిపించింది.

ఈ ఒక్కసారికే అనుకున్నాను. సుత్తి కొన్నాను. నిన్ను ఆర్విల్ చర్చి పాటలకి తీసుకెళ్ళినప్పుడు, నీ తూటాలన్నీ విప్పి, నేను మళ్ళీ నింపి, నీ చేత్తో "ఆర్డిస్" అని రాసిన డబ్బాలోనే పెట్టాను. తర్వాత నువ్వు నింపిన ప్రతిసారీ అదే చేశాను. నాణెం కింద దాగిన ఆ బొక్కలు నా తూటాలవి. నవంబరులో నువ్వు కొట్టిన ఎల్క్ దుప్పి పడింది కూడా నా తూటాకే. గురి నీదే, కాదనను. కానీ దాని గుండెకాయ వెన్నలో వేయించి, మొదటి ముక్క నా పళ్ళెంలో వేసి, "తిను పిల్లా, నా చేతి తూటా మహిమ" అన్నావు. నేను తిన్నాను.

ఇంకొకరి తూటా ముట్టనన్న మనిషి చేత, అడగకుండా, ఏడాదిన్నర పాటు నావి పేల్పించాను. దానికి నువ్వేమన్నా పడతాను. కానీ నన్ను నిద్రపోనివ్వనిది డాక్టరు బల్ల మీది ఆ కాగితం. ఆయనతో పోట్లాడటానికి ఆ ఆయుధం నీకు నేనే తయారుచేసిచ్చాను. ఆ తర్వాత నీ మొహం చూడలేక, చక్రాల మీద నెపం పెట్టి పారిపోయి వచ్చాను. నిన్ను ఆ బల్ల దగ్గర ఒంటరిగా వదిలేశాను. నీలం డబ్బా, నేను విప్పని మొదటి డబ్బా.

నేనొచ్చేదాకా నిన్ను రేంజికి తీసుకెళ్ళొద్దని ఆర్విల్‌కి ఫోన్ చేశాను. కారణం చెప్పలేదు. అది ముందు నీకే తెలియాలి.

శుక్రవారం సాయంత్రానికి వస్తాను. సుత్తి తెస్తాను. నీలం డబ్బా బల్ల మీద పెట్టు. ఒక్కో తూటా నీ చేత్తోనే కొట్టి విప్పు. టార్చి నేను పట్టుకుంటాను. అన్నీ సరిగ్గా ఉంటే నువ్వన్నవన్నీ పడతాను. లేకపోయినా పడతాను. కానీ అప్పుడు డాక్టరు గదిలో నీ కోటు పట్టుకుని ఊరికే నిలబడను.

తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను. మోజ్‌ని మాత్రం లోపలే ఉంచుకో. బయటుంటే అది నిన్ను అడక్కుండానే నన్ను క్షమించేస్తుంది.