మంచం కింద సంచి

గంగన్నా,

నీ శవపెట్టె వెంట నీ సూట్‌కేసు కూడా విమానంలో ఊరికి పంపేశాం. శుక్రవారాలు బర్కా బీచ్‌లో ఏరుకొచ్చి, స్క్రాప్ దుకాణంలో అమ్ముదామని నువ్వు మంచం కింద సంచిలో దాచిన కూల్‌డ్రింక్ డబ్బాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాటిని అమ్మడానికి మాకెవరికీ చేతులు రాలేదు. పైగా రూమ్‌లో ఎవరు ఏది తాగినా, వంగి ఖాళీ డబ్బా నీ సంచిలోనే వేస్తూ వచ్చాం.

ఈరోజు నీ మంచానికి కొత్త మనిషి వచ్చాడు.

"ఈ డబ్బాలెవలియి?" అని అతను అడిగితే అందరూ నా వైపు చూశారు.

"ఎవలియి గావు. పారెయ్ తమ్మీ," అన్నాను.

సంచి మోసుకెళ్లి చెత్తకుండీలో పడేశాడు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కూల్‌డ్రింక్ తాగాక, అలవాటు కొద్దీ నీ మంచం కిందికి వంగాను. అక్కడ అతని చెప్పులున్నాయి. ఇది రాస్తుంటే ఆ ఖాళీ డబ్బా నా ఒళ్లోనే ఉంది.