పండుగప్ప మీద పొలుసులు

పాతపట్నం,
జూలై 8, 2024

ఆమదాలవలసలో ఫ్రేములు కట్టే ధనరాజ్‌కి, జగన్నాధం మాస్టారు రాసేది.

1984లో నేను భోగాపురంలో తెలుగు మాస్టారుగా ఉన్నప్పుడు, పడవలకు రంగులు వేసే గంగులు నాకొక పండుగప్ప చేప బొమ్మ వేసి ఇచ్చాడు. వచ్చే ఏడాది దానికి జోడీగా పడవ బొమ్మ తెస్తానని మాటిచ్చాడు. నలభై ఏళ్లయింది. పడవా రాలేదు, మనిషీ రాలేదు. మాట తప్పినవాడి చేప మాత్రం గాజు కూడా లేకుండా నా గోడ మీద ఉంది. వెనక అట్ట పుచ్చిపోయింది.

బస్సులో పంపుతున్నాను. నీ దగ్గరున్న కొలతల్లోకి బొమ్మను కోసి ఇరికించకు. చొక్కా సరిపోలేదని మనిషిని కోయరు కదా. గాజు రంగును తాకకూడదు, చెమ్మకు అంటుకుపోతుంది. మధ్యలో మౌంటు అట్ట పెట్టు. వెనక జిగురు పూస్తే పురుగులకు భోజనం పెట్టినట్టే. మూలల్ని కాగితం పట్టీలతో ఆపు. నేను పోయినా బొమ్మ ఉండాలి.

ఎవరినీ నమ్మని,
జగన్నాధం

తా.క.: ఫోన్ చేయకు. ఫోన్లో అన్న మాటను మర్నాడు ఎవరూ ఒప్పుకోరు.

ఆమదాలవలస,
జూలై 15

పూజ్యులు మాస్టారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే కొలతకు టేకు ఫ్రేము కోశాను. ఒక్క అంగుళం కూడా బొమ్మను కోయలేదు. బొమ్మ మీద చెత్త చాలా ఉంది. ఎండిన చేప పొలుసులు అరవై మూడు! నా భార్య రాణిది చేపలు పట్టేవాళ్ల ఇల్లు. చూడగానే గుర్తుపట్టి, "ఎవులో గానీ ఈ బొమ్మ మీదెట్టి సేపలు తోమీసినారు" అంది. మెత్తని కుంచెతో, నీటిచుక్క తగలకుండా అన్నీ ఊడదీసింది.

మీ సేవలో,
ధనరాజ్

తా.క.: పొలుసులు తీసినందుకు డబ్బులు అక్కర్లేదు.

పాతపట్నం,
జూలై 19

ధనరాజ్,

నువ్వు తీసింది చెత్త కాదు, బొమ్మ ప్రాణం. నిజమైన పొలుసులు అతికించాలన్న ఆలోచన ఎంతమంది చిత్రకారులకు వస్తుంది? వాటి మీద నేను మూడు పేజీల వ్యాసం రాశాను. "ఇక్కడ సముద్రమే సంతకం చేసింది" అన్న వాక్యం నాదే. లోకంలో నేను మెచ్చుకున్నవి చాలా తక్కువ. అందులో ఒకదాన్ని నీ ఇల్లాలు ఊడ్చిపారేసింది. అరవై మూడూ తిరిగి వాటి చోట్లలో పెట్టండి.

నిద్ర లేని,
జగన్నాధం

తా.క.: పారేయలేదు కదా?

ఆమదాలవలస,
జూలై 29

మాస్టారికి క్షమాపణలతో,

పారేశాం. చెత్తబండి వెళ్లిపోయింది. రాణి బజారుకెళ్లి పండుగప్ప తెచ్చి, పొలుసులు కడిగి, షాపులో ఆరబెట్టింది. మూడు రోజులుగా గుమ్మం ముందు పిల్లులే తప్ప మనుషులు లేరు.

ఏ పొలుసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మీరు రాసిన భోగాపురం గంగులు రాణికి వరసకు మావేనని తేలింది. కబురు పంపితే నిన్న వచ్చాడు. బొమ్మ చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"నా సేప బతికే ఉన్నాదే! పొలుసులు నానెక్కడ అంటించినానే? ఒక్కో పొలుసూ కుంచెతో ఏసినాను, సూడు. ఆ మరసటేడు పడవ బొమ్మట్టుకుని మాస్టారింటికెళ్లినాను. గుమ్మంలోంచి సూస్తే నా సేప నిండా పొలుసులు. బాగోలేదని సెప్పలేక కప్పీసినారనుకున్నాను. ఎనక్కొచ్చీసినాను. మరి కుంచె ముట్టలేదు."

కొత్త పొలుసులు అంటించమంటారా?

జవాబు కోసం చూసే,
ధనరాజ్

తా.క.: పొలుసులు ఇచ్చిన చేప పులుసు బాగా కుదిరింది. గంగులు మావ కూడా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పాతపట్నం,
ఆగస్టు 2

చిరంజీవి ధనరాజ్‌కి, రాణికి ఆశీస్సులు.

అంటించవద్దు! ఆ పొలుసులు నేనూ అంటించలేదు. నీ ఉత్తరం గట్టిగా చదువుతుంటే, బియ్యంలో రాళ్లేరుతున్న మా ఆవిడ తలెత్తకుండా అంది:

"నానే. ఆవేళ గంగులు బొమ్మిచ్చెళ్లినప్పుడు మీరు బడిలో ఉన్నారు. నాను సేప తోమతన్నాను. గోడ మీద సేప బోడిగా అనిపించింది. మైదా ముద్దతో నాలుగు అంటించినాను. మీరొచ్చి 'ఆహా, గంగులూ!' అన్నారు. ఇంక మిగతావీ అంటించీసినాను."

"నలభై ఏళ్లు ఎందుకు చెప్పలేదే?"

"సెప్పుదునే. అప్పటికే మీరు యాసం రాసీసినారు."

గుండెల మీది బండ దిగింది. గంగులు మాట తప్పలేదు, గుమ్మం దాకా తెచ్చాడు. ఆ పడవ ఇంకా ఉంటే దానికీ కొలత తీసి ఫ్రేము కట్టు. వాణ్ణి వెంటబెట్టుకురా. గోడ మీద రెండు మేకులు కొట్టి ఉంచాను.

తేలికపడిన,
జగన్నాధం

తా.క.: గంగులు మీద నలభై ఏళ్లు పెంచిన కోపానికి ఇప్పుడు దిక్కులేదు, ఇంట్లోనే తిరుగుతోంది. కవరు అంటించనా అంటూ మైదా ముద్ద పట్టుకుని నా ముందు నిలబడిన మనిషి మీద అది వాలింది. తప్పంతా ఆవిడదే. ముద్దాయి పేరు శైలజ.