జాన్‌బీ పొయ్యి

మాచర్ల,
19-5-1986

పూజ్యులైన ఫాదర్ గారికి, మీ ఉపదేశి స్తోత్రం.

బదిలీ అయిన మీరు రాలేకపోయినా కొత్త గుడి ఆశీర్వాదం ఘనంగా జరిగింది. స్టేషన్ అవతలి మన కాలనీ ఇక సొంత గుడీ, సొంత గురువూ ఉన్న విచారణ. దాని చరిత్ర రాసి పంపమన్నారు. దయచేసి వేరెవరి చేతనైనా రాయించండి. నాకు సిగ్గుగా ఉంది.

మన మొదటి పూజ ఆయిల్ ఇంజన్లు బాగుచేసే కాలేషా షెడ్డులో మీరే చేశారు. గుడి లేచేదాకా ప్రతి ఆదివారం ఆయన పని ఆపి, నూనె మరకల మీద టార్పాలిన్ పట్టాలు పరిచేవాడు. సత్ప్రసాదం పుచ్చుకోవడానికి మనం పరగడుపున వస్తామని, పూజ ముగిసేదాకా ఆయన భార్య జాన్‌బీ షెడ్డు పక్కనే ఉన్న వాళ్లింట్లో పొయ్యి వెలిగించేది కాదు. "తినకుండా వచ్చినోళ్లకి కూర వాసన తగిలితే ఎట్టా అన్నా" అనేది.

ఆశీర్వాదం నాడు వాళ్లిద్దరికీ శాలువాలు కప్పి, విందులో ముందు వరసలో కూర్చోబెట్టాం. పలావు వడ్డించాక, "హలాల్ చేయించారా అన్నా" అని కాలేషా నన్ను మెల్లగా అడిగాడు. వంటలు చూసింది నేనే. ఆ ఆలోచనే నాకు రాలేదు. జాన్‌బీ విస్తళ్లు మార్పించి, "మాకు పెరుగన్నమంటే చానా ఇష్టంలే" అంది.

క్షమించమని అడుగుదామని నిన్న పూజ కాగానే వాళ్లింటికి వెళ్లాను. షెడ్డులో పూజలు మానేశాం కదా. అయినా ఆమె చల్లటి పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి అడిగింది:

"పూజయిపోయిందా అన్నా? ఇంక పొయ్యి ముట్టించుకోనా?"